సున్నా, ఒకటి, మధ్యలో చిన్నకోడలు

ముందే చెబుతున్నాను, నా రాతలో ఒత్తులు తప్పుతాయి, చేయి మెల్లగా కదులుతుంది. నాకు అక్షరాలు ముసలితనంలో వచ్చాయి, నేర్పింది చిన్నకోడలు. నా పెద్దకొడుకూ తనూ ముందుగదిలో కూర్చుని గోదాముల వాళ్లకు ప్రోగ్రాములు రాసేవారు. ఇద్దరూ ఉప్పూ నిప్పూ.

ఆ రోజు ఒక గోదాము కంప్యూటర్లో సరుకు వివరాలు సగం చెరిగిపోయాయి. పెద్దాడు ఫోన్ పెట్టేసి, "అంతా నీ నిర్వాకమే. తప్పు నీదని తేలితే కుర్చీ ఖాళీ చెయ్," అన్నాడు.

"తేల్చండి బావగారూ," అంది చిన్నకోడలు, తల ఎత్తకుండా.

సంగతి నాకు తర్వాత ఆమే చెప్పింది. ఆ ప్రోగ్రాము ఒకదాని తర్వాత ఒకటి ఆజ్ఞలు చదువుతుంది. ఆజ్ఞ పేరు పక్కన గీత పెట్టి అక్షరాలు గుత్తిగా ఇస్తారు, ఒక్కో అక్షరానికి ఒక్కో పని. మధ్యలో తప్పు అక్షరం తగిలితే ఆ ఆజ్ఞను వదిలేసి తర్వాతిదానికి వెళ్లాలి. కానీ చదివే భాగం తాను ఆగిన చోటు గుర్తుపెట్టుకుంటుంది. దాన్ని మరిపించకపోతే, పాత గుత్తిలో మిగిలినవాటిని కొత్త ఆజ్ఞకు అంటగడుతుంది. ఆ రోజు మిగిలింది చెరిపే అక్షరం.

"మరిపించడానికి ఆ ఆగిన చోటు అంకెను నేను సున్నా చేశాను. ఇక్కడ ఒకటి ఉంది. ఎవరు మార్చారు?" అంది చిన్నకోడలు.

"నేనే. నీ సున్నాతో నా కంప్యూటర్లో ఆజ్ఞ పేరు దగ్గరే ఆగిపోతోంది. ఒక్క అక్షరం చదివితే ఒట్టు."

"నాతో ఒక్క మాట అనొచ్చుగా?"

"నువ్వు భోంచేస్తున్నావు."

"నోట్లో ముద్ద ఉంటే చెవులు మూసుకుపోతాయా?"

"నీ దగ్గర నడిస్తే లోకమంతా నడుస్తుందనుకున్నావు కదూ?"

"మీరూ అంతేగా. కాకపోతే నా తప్పు ఎవరి సరుకూ చెరపలేదు."

"ఇక చాలు," అన్నాను.

"నువ్వు ఊరుకోమ్మా."

చిన్నకోడలు కీబోర్డు లాక్కుంది. పెద్దాడి రకం కంప్యూటర్లలో మరిపించడానికి వేరే గుర్తు ఉందట. అది ఉన్నచోట దాన్ని వేసి అంకెను ఒకటి చేసింది, లేనిచోట సున్నా. ప్రోగ్రాము తయారయ్యేటప్పుడే ఏ రకమో తేలేలా రాసింది. రెండింటిలోనూ తప్పు ఆజ్ఞ ఇచ్చి, వెంటనే మంచిది ఇచ్చి చూసింది. రెండూ నడిచాయి.

"సరే, కూర్చో," అన్నాడు పెద్దాడు, దానం చేస్తున్నట్టు.

"అక్కర్లేదు. ఇక మీ దాంట్లోనూ నడుస్తుంది, నేను లేకపోయినా." తన కంప్యూటర్ సంచిలో పెట్టుకుంది.

"అమ్మా, దానికి నువ్వైనా చెప్పు."

"ఏం చెప్పను? చెప్పకుండా నీ రాత మీద అదెప్పుడూ చెయ్యి వెయ్యలేదు," అని నా కళ్లజోడు వెతుక్కున్నాను, నేనూ బయల్దేరడానికి.

ఇట్లు,
అందరూ దొడ్డమ్మ అని పిలిచే నేను, అరవై ఏడేళ్లు,
ప్రస్తుతం చిన్నకోడలి అద్దింట్లో, వీధివైపు గది.