గుండు దెబ్బల గోడ

సౌదీ కొండల్లోని అభాలో టర్కీవాళ్లు కట్టిన పాత ఠాణా ఒకటుంది. మొదటి ప్రపంచ యుద్ధకాలంలో వాళ్ల సైన్యం అందులో తిష్ఠ వేసి, ఎదురు తిరిగినవాళ్లను గోడకు నిలబెట్టి కాల్చిందట. తర్వాత ఊరికి విముక్తి వచ్చింది, ఠాణా మేకలపాలైంది. వందేళ్లు దాని మొహం చూసినవాడు లేడు. ఇప్పుడు టూరిస్టులు వస్తున్నారని అందరికీ చరిత్ర మీద ఎక్కడలేని ప్రేమ పుట్టుకొచ్చింది.

మరమ్మతు మా కంపెనీకి దొరికింది. మా ఇంజనీరు ఉదయకిరణ్‌ది భీమవరం. మట్టిగోడకు సిమెంటు పూయమన్న మహానుభావుడు. అది నిలవదని తాపీ పట్టిన నేను చెప్పాల్సి వచ్చింది. అయితే నీట్‌గా ఫినిష్ చెయ్యమని చెప్పి పక్క ఊరు ఖమీస్ ముషైత్‌లో ఏసీ గదికి వెళ్లిపోయాడు.

నాకు కావాల్సింది ఒక్క కాగితం. ఉద్యోగాలు ముందు సౌదీవాళ్లకే ఇవ్వాలనే నితాఖత్, బయటివాళ్లకు తలకింతని కట్టాల్సిన లెవీ అంటూ కంపెనీ సగం మందిని ఇంటికి పంపేస్తోంది. ఒక టైల్స్ కొట్టు యజమాని నన్ను తీసుకుంటానన్నాడు. దానికి కంపెనీ తనాజుల్ ఇవ్వాలి, అంటే నన్ను వదిలేస్తున్నట్టు రాసి స్టాంపు వేయాలి. ప్రారంభోత్సవం అయ్యాక వేయిస్తానన్నాడు ఉదయకిరణ్.

నేను జగిత్యాల మేస్త్రీని. గోడకు బొక్క కనబడితే చెయ్యి ఊరుకోదు. మట్టిలో గడ్డి కలిపి, నానబెట్టి, తొక్కి, గోడ నిండా ఉన్న బొక్కలన్నీ పూడ్చి అరచేత్తో నున్నగా పామాను.

మూడో రోజు వచ్చిన ఉదయకిరణ్ తల పట్టుకున్నాడు. అవి గుండు దెబ్బలట. జనం వచ్చేదే వాటిని చూడ్డానికట.

"గట్ల ముందుగాల జెప్పకపోతిరి సార్? గోడను గోడ లెక్క జేసిన" అన్నాను.

పాత ఫోటో చూపించి మళ్లీ కొట్టమన్నాడు. డ్రిల్లు పట్టుకుని మధ్యాహ్నం దాకా నేనే టర్కీ సైన్యం పని చేశాను. నవ్వొచ్చింది కూడా.

ప్రారంభోత్సవం రోజు అత్తరు వాసనలు, ఉపన్యాసాలు. గోడ వైపు తిరిగి చూసినవాడు లేడు. చివర్లో చేతికర్రతో ఒక ముసలాయన వచ్చాడు. తన తాతను ఇక్కడే కాల్చారని, ఆ గుండు ఎక్కడ తగిలిందో తెలుసా అని అరబ్బీలో నన్నడిగాడు. ఆయన వెనక నుంచి ఉదయకిరణ్ నన్నే చూస్తున్నాడు. డ్రిల్లు జారి లోతుగా పడిన బొక్క ఒకటుంటే, దాన్ని చూపించాను.

ఆయన వంగి దాన్ని ముద్దు పెట్టుకున్నాడు. పెదవులకు నేను కలిపిన మట్టి అంటింది.

సాయంత్రం స్టాంపు పడింది. "భలే మేనేజ్ చేశావ్ భూమేష్" అని ఉదయకిరణ్ భుజం తట్టాడు. ఇన్నాళ్లూ వాణ్ణి చూస్తే అసహ్యమేసేది. ఆరోజు నన్ను చూసుకుంటే అంతకన్నా అసహ్యమేసింది. కాగితం మాత్రం రెండు చేతులతో అందుకున్నాను.