సీసం గుండు కట్టిన తాడు

మా ఆయన ఈశ్వర్ గుజరాత్ నుంచి వచ్చిన మూడో రోజు, మా అమ్మాయిని గుమ్మానికి ఆనించి నిలబెట్టి, సంచిలోంచి ఒక తాడు తీసి నెత్తి నుంచి మడమ దాకా కొలిచాడు. కొలిచి నా వేపు తిరిగి, "పది నెలల్లో రెండు వేళ్ళే పెరిగినాది. దీనికి తిండెట్టినావా నేదా?" అన్నాడు.

నేను అప్పుడే శ్రీకాకుళంలో ఎండుచేపలు అమ్ముకుని వచ్చి తట్ట దింపాను. చేతులైనా కడుక్కోలేదు. అరికాలి మంట నెత్తికెక్కింది. ఆ తట్ట తీసి ఆయన నెత్తిన బోర్లించలేదంటే అది నా మంచితనమే.

మా పేటలో సగం మంది మగాళ్ళు ఆగస్టులో ఆమదాలవలస స్టేషన్లో రైలెక్కుతారు. గుజరాత్ వెళ్ళి అక్కడి బోట్ల మీద పనిచేసి, అక్కడ వానాకాలానికి చేపల వేట ఆపేసే ముందు మే నెలాఖరుకి తిరిగొస్తారు. రెండు నెలలు ఇంట్లో ఉంటారు. ఆ రెండు నెలల్లోనే పెళ్ళిళ్ళు, మొక్కులు, ఇంటి కప్పులు, పెళ్ళాం మీద అధికారాలు అన్నీ అయిపోవాలి. వెళ్ళేముందు పిల్లలున్నవాళ్ళు వల అల్లే నైలాను తాడు ఒకటి తీసుకుని, పిల్ల పొడుగు ఎంతుందో అక్కడ ముడేసుకుని పట్టుకెళ్తారు. మా ఆయన కిందటేడు అలాగే ముడేసి తీసుకెళ్ళాడు. ఇప్పుడు ఆ ముడి పక్కన పిల్లని పెట్టి చూస్తే రెండు వేళ్ళే ఎక్కువ వచ్చింది. అంతే, నేను పిల్ల కడుపు మాడ్చినదాన్నయిపోయాను.

"ఆ లెక్క ఇప్పుడెందుకు?" అన్నాను.

అప్పుడు బయటపడింది అసలు సంగతి. హైదరాబాద్ అవతల పెద్ద పార్కు ఒకటుందట. రంగులరాట్నాలు, పొగలేని రైలు, మిషన్ పెట్టి అలలు లేపే కొలను. ఆ కొలనులో చిన్న పడవ ఉంటుందట, తండ్రీ పిల్లా ఇద్దరూ కూర్చుని తిరుగుతారట. బోటులో ఈయనతో పనిచేసే దేవేంద్ర తన కొడుకుని ఒళ్ళో పెట్టుకుని ఆ పడవలో తీయించుకున్న ఫోటో పది నెలలూ అందరికీ చూపించాడట. ఈయన అక్కడినుంచే రైలు టికెట్లు, పార్కు టికెట్లు తీసేశాడు. వచ్చే శుక్రవారం ప్రయాణం, మూడు రోజులు. నన్ను అడిగింది లేదు. పిల్ల ఎలా ఉందని అడిగింది లేదు. ఆలు లేదు చూలు లేదు, కొడుకు పేరు సోమలింగం.

"దేవేంద్ర కొడుక్కి అయిదేళ్ళు బావా," అన్నాను. "అమ్మడుకి సెప్టెంబరు వస్తే మూడు నిండుతాయి. రైల్లో పడుకోదు. అన్నం నోట్లో పెట్టుకుని గంట నాన్చుతాది. ఈ ఎండలో పార్కేటి? వెనక సముద్రం పెట్టుకుని మిషన్ అలలు చూడ్డానికి పట్నం ఎల్తామా?"

"మూడో ఏడు నడస్తంది, పెద్దదయిపోనాది," అన్నాడు. "తొంభై సెంటీమీటర్లుంటే పడవెక్కనిస్తారు. అందుకే వచ్చేముందు ఎరావల్ రేవులో బట్టల కొట్టోడి టేపెట్టి ఈ ముడి కొలిపించినాను. ఎనభయ్యారు వచ్చినాది. పది నెలలకి తక్కువలో తక్కువ ఎనిమిది కలిపినాను. తొంభైనాలుగు ఉండాల. ఇప్పుడు సూడు, ఎనభయ్యెనిమిదే ఉన్నాది. నా తప్పా? నువ్వు సరిగ్గా సూసుంటే పెరగదేటి?"

నా ఒళ్ళు మండింది అని చెప్పడం చాలదు. ఈ పది నెలలూ పిల్లని చంకనేసుకుని, నెత్తిన తట్ట పెట్టుకుని బస్సుల్లో తిరిగింది నేను. జ్వరమొస్తే తడిగుడ్డ వేసి కూర్చున్నది నేను. గుడ్డు పచ్చసొన తినదని అన్నంలో మెదిపి దొంగచాటుగా తినిపించింది నేను. తాడు పట్టుకుని వచ్చి తప్పు లెక్క చెప్పడానికి మాత్రం ఆయన.

గూట్లోంచి అంగన్‌వాడీ కార్డు తీసి ఆయన ముందు పడేశాను. నెలనెలా అక్కడ పిల్లల్ని పలక మీద నిలబెట్టి కొలిచి రాస్తారు. కిందటేడు జులైలో ఎనభై. ఈ నెల ఎనభయ్యెనిమిది.

"ఎనిమిది పెరిగినాది. కళ్ళెట్టి సూసుకో," అన్నాను.

"కార్డు మీద ఆలకి నచ్చింది రాసుకుంటారు. తాడు అబద్ధం ఆడతాదేటి?" అన్నాడు.

పెళ్ళాం మాట అబద్ధం, కార్డు అబద్ధం, తాడు ఒక్కటే హరిశ్చంద్రుడు.

మా అత్త తాతమ్మ అప్పటిదాకా అరుగు మీద కూర్చుని ఎండేసిన చేపల మీంచి కాకుల్ని తోలుతూ ఉంది. ఆవిడ నాకు మేనత్త కూడా. కొడుకు పక్షమే పడుతుందని నేను అనుకుంటూనే ఉన్నాను. ఆవిడ లేచి వచ్చి తాడు తీసుకుని, రెండు వేళ్ళ మధ్య పెట్టి చివరిదాకా జార్చింది. మా మావ బతికున్నప్పుడు వలలు అల్లేవాడు. ఆయన పక్కన కూర్చుని నలభై ఏళ్ళు తాడు అందించిన చెయ్యి అది.

"ఒరే ఈశ్వరా, ఇది ఏడెట్టినావు?" అంది.

"బోటులో. నాను పడుకునే కాడ, మేకుకి."

"చుట్టెట్టినావా, ఏలాడదీసినావా?"

"ఏలాడదీసినాను. బోటు ఊగితే ఎగిరిపోతందని కింద వల సీసం గుండు కట్టినాను."

మా అత్త తాడు ఆయన ఒళ్ళోకి విసిరింది. "సీసం కట్టి పది నెల్లు ఏలాడదీస్తే నైలాను సాగదేటిరా? పాత వల కన్ను ఎందుకు సాగతాదో నీకు తెల్దా? వలలల్లినోడి కడుపున పుట్టినావు, సిగ్గు నేదు. పిల్ల పెరిగినాది. నీ ముడి దానికంటే ముందు పెరిగినాది."

మా ఆయన తాడుని రెండు చేతులా పట్టుకుని లాగి చూశాడు. నేను ఆగాను. తప్పయిపోనాది ఝాన్సీ అంటాడని ఆగాను. ఆ ఒక్క మాట అనుంటే ఈ కథ ఇక్కడితో అయిపోయేది, నేను లోపలికెళ్ళి కూర వండుకునేదాన్ని.

ఆయన తాడు మడిచి పక్కన పెట్టి, "ఐతే రెండు సెంటీమీటర్లే కదా తక్కువ. మందం బూట్లేసి తీసుకెల్దాం," అన్నాడు.

ఇక నా నోరు ఆగలేదు.

"బావా, నీకు పిల్ల వయసు కావాలా? నీ వయసు సెప్తాను విను. ఇది పుట్టినప్పుడు నువ్వు నేవు. ఎనిమిదో నెల్లో వచ్చి సూసినావు, రెండు నెల్లు ఉన్నావు. కిందటేడు రెండు నెల్లు. ఈ ఏడు మూడు రోజులు. అంటే నువ్వు నాలుగు నెల్ల నాన్నవి. నాలుగు నెల్లకి పిల్లలకే మెడ సరిగ్గా నిలబడదు. నీకెలా నిలబడతాది? పార్కుకి ఎల్లేటంత పెద్దది అయినాదో నేదో అని పిల్లని కొలుస్తన్నావు. నాలుగు నెల్ల నాన్నని నమ్మి నా పిల్లని నాను ఏడికీ పంపను."

ఆయన మొహం మాడిపోయింది. "నానేటి ఊరికే ఎల్తన్నానా?" అన్నాడు. "ఈడ రేవున్నాదా, జెట్టీ ఉన్నాదా? బోటు ఏడ కడతాను?"

అది నిజమే, నాకు తెలియక కాదు. నిజమని తెలిసేసరికి కోపం ఇంకా పెరిగింది.

ఆయన ఇల్లు చేరిన రోజు జరిగినది నేను మర్చిపోలేదు, ఆయనా మర్చిపోలేదు. గుమ్మంలో సంచి దింపి "అమ్మడూ" అని చేతులు చాచాడు. అది నా చీర కుచ్చిళ్ళలో దూరి ఏడుపు మొదలెట్టింది. తర్వాత ఆయన అక్కడే మంచం మీద కూర్చునుంటే, నా ఫోను తీసుకొచ్చి నాకిచ్చి, "నాన్నకి ముద్దెడతాను, నాన్నని తియ్యి," అంది. దానికి నాన్నంటే ఫోను. రోజూ సాయంత్రం అందులో కనిపించే మొహం. ఆయన ఆ మాట విని లేచి బయటికెళ్ళిపోయాడు. పార్కు ఆ గాయానికి మందని ఆయన అనుకున్నాడు. మూడు రోజుల పార్కు, పడవలో ఒక ఫోటో, దేవేంద్రకి చూపించడానికి.

"టికెట్లు మూడు రోజులకి తీసినావు కదా," అన్నాను. "ఆ మూడు రోజులూ నాకియ్యి. శుక్రవారం నాను బొబ్బిలి మా రాజకుమారక్క ఇంటికి ఎల్తాను. పిల్ల నీ దగ్గరుంటాది. అత్తా, నువ్వు వండితే వండు, పిల్లని మాత్రం ముట్టుకోకు."

"అది నా దగ్గరికి రాదే," అన్నాడు. మొదటిసారి ఆ గొంతులో అధికారం లేదు.

"రాదు. తొంభైనాలుగు ఉన్నా రాదు."

శుక్రవారం పొద్దున్న సంచి సర్దుకున్నాను. వెళ్ళేముందు చెయ్యి చాచి, "నీ ఫోనిటియ్యి," అన్నాను. ఇవ్వనన్నాడు. ఇస్తేగాని కదలనన్నాను. నా ఫోను, ఆయన ఫోను రెండూ సంచిలో వేసుకున్నాను. మా అత్తకి ఫోను లేదు. ఇక ఆ ఇంట్లో నాన్న అంటే ఒక్కడే ఉన్నాడు, దానికి నచ్చినా నచ్చకపోయినా.

ఆటో కదిలేసరికి అమ్మడు వాకిట్లో పడి దొర్లుతోంది. "నాన్నని అట్టుకెళ్ళిపోతంది" అని ఏడుస్తోంది. అమ్మ వెళ్ళిపోతోందని కాదు. ఆయన దాన్ని ఎత్తుకోబోతే కాలితో గడ్డం మీద తన్నింది. నేను దిగలేదు. దిగితే నా పంతం అక్కడే చచ్చేది.

బొబ్బిలిలో మా అక్క మంచి కూరలే వండింది. ఒక్కటీ నాకు రుచించలేదు. పిల్లని ఒగ్గేసి వచ్చిన తల్లివి నువ్వేం తల్లివే అని మా అక్క అన్నప్పుడు దానితో కూడా దెబ్బలాడాను. మగాడు పది నెలలు ఒగ్గేస్తే ఎవరూ ఏమీ అనరు, నేను మూడు రోజులు ఒగ్గేస్తే అందరూ అడిగేవాళ్ళే. అడిగేవాడికి చెప్పేవాడు లోకువ. రెండో రోజే తిరిగి వెళ్ళిపోదామని బస్టాండు దాకా వెళ్ళాను. వెళ్ళి, నన్ను నేను తిట్టుకుని వెనక్కి వచ్చాను.

ఆదివారం మధ్యాహ్నం ఇల్లు చేరాను. అరుగు మీద మా అత్త ఒక్కతే ఉంది. "మొదటి రోజు అన్నం ముట్టలేదు," అంది. "ఆడూ తినలేదు. రెండో రోజు ఇద్దరూ ఒకే కంచంలో తిన్నారు. గుడ్డు పచ్చసొన తిననని ఆడి నోట్లో ఎట్టినాది."

ఇంటి వెనక ఇసకలో పాత వల పరిచి ఉంది. మా ఆయన దాని చిరుగులు కట్టుకుంటున్నాడు. గడ్డం కింద గోళ్ళ గీతలు మూడు ఎండిపోయి ఉన్నాయి. అమ్మడు ఆయన వీపుకి ఆనుకుని కూర్చుని, ఆ సాగిపోయిన తాడుకి ముడి మీద ముడి వేసుకుంటోంది. నన్ను చూసి పరిగెత్తుకొచ్చి కాళ్ళు పట్టుకుంది. దాన్ని ఎత్తుకుంటే ఒంటినిండా చేప వాసన, ఆయన చొక్కా వాసన.

సరిగ్గా అప్పుడే సంచిలో ఆయన ఫోను మోగింది. దేవేంద్ర, వీడియో కాలు. పార్కు ఫోటోలు ఏవిరా అని అడగడానికి చేసుంటాడు. అమ్మడు అలవాటుగా ఫోను లాక్కుని తెరకేసి చూసింది. చాలాసేపు చూసింది. తర్వాత దేవేంద్రతో, "ఇందల నాన్న లేడు. అక్కడున్నాడు," అని ఇసక వేపు వేలు చూపించి, ఫోను నా చేతిలో పెట్టి, చంక దిగి వెళ్ళిపోయింది.

మా ఆయన తల ఎత్తలేదు. వల కన్నులోకి వెళ్ళాల్సిన సూది రెండుసార్లు బయటికే పోయింది.

ఇందుకు నేను సంతోషించాలని మా అత్త అంటుంది. ఆగస్టు ఎనిమిదో తారీకున ఆయన మళ్ళీ ఆమదాలవలసలో రైలెక్కుతాడు, టికెట్ అప్పుడే తీసి ఉంది. ఆ సాయంత్రం పిల్ల ఇసకలోకి పరిగెత్తి నాన్న ఏడని అడుగుతుంది. అక్కడ కాదమ్మా, ఇందులోనే ఉన్నాడని నా ఫోను మళ్ళీ దాని చేతిలో పెట్టాల్సింది నేనే. అందుకు ఎవరిని తిట్టాలో నాకు ఇంతవరకు తేలలేదు.