ఉపాసం ఉప్పు

గుండె జబ్బు వాళ్లకు తిండి పాఠం చెప్పే ఆ పిల్లంటే పద్మారాణికి ఒళ్లుమంట. హజీరాలోని పెద్ద కంపెనీలో ఇంజనీరు కూతురట, పేరు శ్రీలేఖ. గురువారం గురువారం ఆసుపత్రిలో తెర మీద బొమ్మలు వేసి, ఓట్సు తినండి, ఆలివ్ నూనె వాడండి అంటుంది. గోడాదరా పేటలో మరమగ్గాల మీద బతికేవాళ్లకు ఆలివ్ నూనె! జొన్నరొట్టె అన్న మాట ఆ నోట ఒక్కసారైనా వస్తే ఒట్టు. మీరేం తింటారని అడిగిన పాపాన కూడా పోలేదు.

గుండె జబ్బున్న మొగుడి కోసం పాఠానికెళ్లే పద్మారాణి చెవికెక్కింది ఒక్కటే, ఉప్పు తగ్గించాలని. ఓస్, అంతేనా! ఆ రోజే ఉప్పు డబ్బా ఖాళీ చేసి, ఉపవాసాలకు వాడే గులాబీ రంగు సేంధా నమక్ తెచ్చుకుంది. దేవుడి పేరు చెప్పుకుని తినేది గుండెనేం చేస్తుంది? చప్పగా ఉందని ఒక చెంచా ఎక్కువే వేసింది. పాఠానికొచ్చే ఆడవాళ్లందరినీ మెట్ల మీద కూర్చోబెట్టి అదే బోధించింది. బడి మొహం చూడని డాక్టరమ్మ!

పదిహేను రోజులకు ఆమె మొగుడు లక్ష్మీరాజం కాళ్లు ఉబ్బాయి. పడుకుంటే ఊపిరాడటం లేదు. ఆసుపత్రిలో చేర్చారు. అతన్ని వార్డులో వదిలి, పద్మారాణి శివాలెత్తినట్టు పాఠం గదిలోకి దూసుకొచ్చింది.

"ఏంది పిల్లా నీ సదువు? నువ్వు జెప్పినట్టే ఉప్పు బంద్ జేసిన. మా ఆయినెకు దమ్ము ఆడుతలేదు. గిదేనా నువ్వు నేర్పేది?"

శ్రీలేఖ బిక్కచచ్చిపోయింది. "మరి కూరల్లో ఏం వేస్తున్నారండీ?"

"ఉపాసం ఉప్పు. సేంధా నమక్."

"అయ్యో, అదీ ఉప్పేనండీ! గుండెకు రెండూ ఒకటే. ఎవరు చెప్పారు మీకు?"

పద్మారాణి ఎగతాళిగా నవ్వబోయింది. వెనక బెంచీలోంచి విజయరాణి లేచింది. ఆమె భర్తకు గుండె ఆపరేషనై నెల కూడా కాలేదు.

"అక్కా, గదే మంచిదని నాకు జెప్తివి గద?"

"మాకు గూడ జెప్పింది," అంది పక్కామె.

అందరూ పద్మారాణినే చూస్తున్నారు. ఆమె వెనక్కి తిరిగి వార్డుకు నడిచింది.

లక్ష్మీరాజం ముక్కు మీది గొట్టం పక్కకు జరిపి, ఆయాసపడుతూ అడిగాడు. "ఏమన్నదే ఆ పిల్ల? గట్టిగ అడిగినవా?"

"ఆ పిల్లనేమడుగుత?" అంది పద్మారాణి, గొట్టం సరిచేస్తూ. "నీ కంచంల ఉప్పు వోసింది నేను."