గొల్లకొండ పై సగం

ఆస్ట్రేలియాలో కూతురు వాళ్ళుండే ట్రుగనీనాలో నేల అప్పడాల పీటలా ఉంటుందని కౌసల్య వచ్చిన మొదటి రోజే తీర్మానించింది. ఎటు చూసినా గోడౌన్లు, కొత్త ఇళ్ళు, వాటి మీద బోలెడంత ఆకాశం. దూరంగా ఫ్రీవే అవతల యూ యాంగ్స్ అని నాలుగు గుట్టలు కనిపిస్తాయి. అల్లుడు కార్తికేయ వాటిని పర్వతాలన్నప్పుడు ఆవిడ నవ్వు కనపడకుండా మజ్జిగ గ్లాసు అడ్డం పెట్టుకుంది. పంతొమ్మిదేళ్ళు స్కాట్లాండ్‌లో, కేర్న్‌గార్మ్ కొండల కింద ఏవీమోర్‌లో కాపురం చేసిన మనిషి మరి.

కాపురం కొండల కిందే కానీ, ఒక్క కొండా ఎక్కిన పాపాన పోలేదు. ఎక్కింది భర్త బాలమురళి. ఆయన ఆ ఊళ్ళో డాక్టరు. నరసరావుపేటలో పుట్టి కోటప్పకొండ ఎక్కుతూ దిగుతూ పెరిగినవాడు. ఆదివారం వస్తే ఆయన కాలు ఇంట్లో నిలిచేది కాదు.

అక్కడ కొండకి వెళ్ళేవాళ్ళకి ఒక పద్ధతి ఉంది. ఎక్కడికి, ఏ దారిన, ఎవరితో, ఎన్నింటికి వస్తారు అని చీటీ రాసి ఇంట్లో పెట్టి వెళ్ళాలి. ఆ వేళకి రాకపోతే ఇంట్లోవాళ్ళు రెస్క్యూ వాళ్ళకి ఫోన్ చేస్తారు. బాలమురళి ఆ చీటీ తెలుగులో రాసి ఫ్రిజ్ మీద పెట్టేవాడు. కొండల పేర్లూ తెలుగులోనే. ఊళ్ళో ముసలివాళ్ళని పట్టుకుని గేలిక్ అనే అక్కడి పాత భాషలోని పేర్లకి అర్థాలు అడిగి, బ్రేరియాక్‌ని మచ్చలకొండ అనీ, కేర్న్‌గార్మ్‌ని నీలిగుట్ట అనీ మార్చేశాడు. ఊరి దగ్గర పైన్ అడవి వెనక ఉన్న మ్యాల్ ఎ వూఖిల్ అంటే పశువుల కాపరి గుట్ట అట. దాన్ని గొల్లకొండ అనేశాడు.

రెస్క్యూ వాళ్ళకి మచ్చలకొండ అంటే ఏం తెలుస్తుందని కౌసల్య అడిగితే, నీకు తెలుసుగా చాల్లే అనేవాడు. ఆ మాటే ఆవిడకి అక్కరకొచ్చింది. ఆయన రమ్మన్నప్పుడల్లా, నేనూ వస్తే చీటీ ఎవరు చదువుతారని తప్పించుకునేది. చలికి బద్ధకం, ఎత్తుకి భయం, నెపం మాత్రం చీటీ.

తిరిగొచ్చాక ఆయన చీటీ వెనక ఆ రోజు చూసినవి రాసుకునేవాడు. శీతాకాలానికి తెల్లబడ్డ కుందేళ్ళు, మంచులో మంచులా కలిసిపోయే టార్మిగాన్ పిట్టల జంట, బిస్కెట్ల కోసం వెంటబడ్డ రెయిన్‌డీర్. ఆ సంగతులన్నీ అన్నం తింటూ ఎలాగూ చెప్పేవాడు కాబట్టి ఆవిడ ఏనాడూ ఒక్క చీటీ కూడా తిప్పి చూడలేదు. అన్నీ ఒక బిస్కెట్ల డబ్బాలోకి చేరేవి.

రెండేళ్ళ క్రితం ఒక మంగళవారం మధ్యాహ్నం, కుర్చీలో కూర్చుని టీ అడిగి, అది వచ్చేలోగా ఆయన వెళ్ళిపోయాడు. చీటీ పెట్టకుండా ఆయన వెళ్ళింది అదొక్కసారే. తర్వాత కూతురు గీతిక వచ్చి తల్లినీ, డబ్బానీ ఆస్ట్రేలియా తీసుకొచ్చింది.

ఈస్టర్ సెలవులకి గ్రాంపియన్స్ వెళ్దామని గీతిక అన్నప్పుడు కౌసల్య ఉలిక్కిపడింది. గ్రాంపియన్స్ స్కాట్లాండ్‌లో కదా ఉండాలి, ఏవీమోర్ కొండలూ వాటిలోవేగా. అక్కణ్ణించి వచ్చిన సర్వేయరు ఎవరో ఈ కొండలకి తన దేశపు కొండల పేరు పెట్టాడనీ, ఇక్కడి ఆదివాసులు పిలిచే అసలు పేరు గారివెర్డ్ అనీ అల్లుడు చెప్పాడు. "మా ఆయనా పేర్లు పెట్టాడు బాబూ. కానీ ముందు పాత పేరుకి అర్థం కనుక్కుని పెట్టాడు" అంది ఆవిడ. ఆ పేర్లన్నీ చూపిస్తానని డబ్బా దింపింది.

చీటీలు ఒక్కొక్కటీ తీస్తుంటే వాళ్ళ ఇరవై అయిదో పెళ్ళిరోజు చీటీ చేతికొచ్చింది. ఎక్కడికి: గొల్లకొండ. ఎవరితో: ఇద్దరం. ఆ "ఇద్దరం" కొట్టేసి, పక్కన "ఒక్కణ్ణే" అని ఉంది.

ఆవిడకి ఆ రోజు మొత్తం గుర్తొచ్చింది. ఆ ఒక్కసారి వస్తానని మాటిచ్చింది, కొత్త బూట్లు కూడా కొన్నది. ముందు రోజు సాయంత్రం గ్లాస్గో నించి బస్సులో పచ్చిమామిడికాయల పెట్టె దిగింది. ఏడాదికి ఒక్కసారి వచ్చే కాయలు, అప్పటికే మెత్తబడుతున్నాయి. "మామిడికాయ ఆగదండీ, కొండ ఆగుతుంది" అని పొద్దున్నే ఆవకాయకి కూర్చుంది. ఆయన నవ్వి వెళ్ళి, రెండింటికల్లా వచ్చేశాడు. ఆవపిండి చేతులతో ఉన్న ఆవిడ, ఇంత తొందరగా వచ్చారేమని అడగనైనా లేదు.

కౌసల్య చీటీ వెనక్కి తిప్పింది. "కోకిల కూసింది. సగం దాకా వెళ్ళి వచ్చేశాను. పై సగం కౌసల్యకి ఉంచాను."

డబ్బా అంతా నేల మీద బోర్లించి వెతికింది. మచ్చలకొండ పదకొండుసార్లు ఉంది, నీలిగుట్టకి లెక్కే లేదు. గొల్లకొండ మళ్ళీ ఎక్కడా లేదు. గుమ్మంలోంచి కనపడే కొండని ఆయన బతికినన్నాళ్ళూ ఎక్కకుండా ఉంచాడు. కొండ ఆగింది, మనిషే ఆగలేదు. ఆవిడ ఆ చీటీలన్నిటి మధ్యా కూర్చుని వెక్కి వెక్కి ఏడ్చింది.

లేచాక ఒకటే పట్టు పట్టింది. ఆ కొండ ఎలాగూ దక్కదు, అక్కడి కొండల పేరు పెట్టుకున్న ఈ గ్రాంపియన్స్‌లో ఒక్క కొండైనా చివరిదాకా ఎక్కాలి. గీతిక మోకాళ్ళ సంగతి గుర్తు చేసింది, వినలేదు. పోనీ నువ్వూ రా అంటే, గీతిక ఆ కొండల కింద హాల్స్ గ్యాప్ అనే ఊళ్ళో దిగిన క్యాబిన్‌లో ల్యాప్‌టాప్ తెరుస్తూ, "ప్రెజెంటేషన్ ఉందమ్మా. నెక్స్ట్ టైమ్ తప్పకుండా వస్తా" అంది. కౌసల్య ఒక కాగితం అడిగి తీసుకుంది. చీటీ రాసి క్యాబిన్ ఫ్రిజ్ మీద పెట్టింది. ఎక్కడికి: పినాకిల్ శిఖరం. ఎవరితో: అల్లుడితో. తిరిగి వచ్చేది: నాలుగింటికి.

దారంతా రాళ్ళు. చిన్న కంగారూలాంటి వల్లబీ ఒకటి పొదలోంచి తొంగి చూసి, ఈ ముసలమ్మకి ఇదేం బుద్ధి అన్నట్టు నిలబడింది. కౌసల్య పది అడుగులకోసారి ఆగి, మోకాలు పట్టుకుని, మళ్ళీ కదిలింది. రెండున్నర అయ్యేసరికి శిఖరం మీది ఇనప కమ్మీలు కనపడుతున్నాయి. ఆవిడ వాచీ చూసుకుని ఆగిపోయింది. వచ్చినంతసేపూ దిగడానికీ పడుతుంది. ఇప్పుడు తిరక్కపోతే నాలుగింటికి చేరరు.

"ఇంకో పావుగంటే అత్తయ్యగారూ. కాస్త లేటైతే గీతిక ఏమీ అనుకోదు" అన్నాడు కార్తికేయ. ఫోన్ తీస్తే సిగ్నల్ లేదు.

కౌసల్య పైకి చూసింది. ఇంత కోరిక ఆవిడకి జన్మలో దేని మీదా కలగలేదు. కానీ చీటీ ముందు కూర్చుని గడియారం చూడటం ఎలా ఉంటుందో ఆవిడకి తెలిసినట్టు ఎవరికీ తెలియదు. పంతొమ్మిదేళ్ళలో ఆయన ఒక్కసారి కూడా ఆ వేళ దాటించలేదు.

"పద బాబూ, దిగుదాం" అంది.

నాలుగింటికి అయిదు నిమిషాల ముందు క్యాబిన్ చేరారు. గీతిక గుమ్మంలోనే నిలబడి ఉంది. ల్యాప్‌టాప్ ఎప్పుడు మూసేసిందో, చీటీ చేతిలో నలిగి ఉంది. పైదాకా వెళ్ళారా అని అడిగింది. కౌసల్య ఆ చీటీ అందుకుని, వెనక రాసి తిరిగి ఇచ్చేసి, కాళ్ళకి వేణ్ణీళ్ళు పెట్టుకోడానికి లోపలికి వెళ్ళింది.

"వల్లబీ ఒకటి. సగం దాటి వెళ్ళి వచ్చేశాను. పై సగం గీతికకి ఉంచాను."

పొద్దున్న కౌసల్య లేచేసరికి ఫ్రిజ్ మీద కొత్త చీటీ ఉంది. కూతురి తెలుగు అక్షరాలు, కింద అదే ఇంగ్లీషులో. పక్క క్యాబిన్ ఆవిణ్ణి అడిగాననీ, చీటీ తన దగ్గర పెట్టుకుంటానందనీ గీతిక బూట్లు తొడుక్కుంటూ చెప్పింది. చీటీ పక్కింటివాళ్ళకి ఇచ్చి వెళ్ళొచ్చని ఏవీమోర్ రోజుల్లో కౌసల్యకి తెలియక కాదు.

కళ్ళజోడు పెట్టుకుని చదివింది. ఎక్కడికి: పినాకిల్, పైదాకా. తిరిగి వచ్చేది: అమ్మ ఎంతసేపంటే అంతసేపటికి, చీకటి పడేలోగా.

ఎవరితో: అమ్మతో.