రాఘవమ్మ ఇచ్చిన నెత్తురు

పాముకాటు పరిశోధన బృందానికి వకుళను నాయకురాలిగా వేసినప్పుడు కాదన్నవాళ్ళు లేరు. పాము విషాల మీద పదేళ్ళు పనిచేసిన మనిషి. కరిచింది ఏ పామో ఒక్క చుక్క రక్తంతో చెప్పే కాగితపు పట్టీ ఆమె సొంత ఆలోచన. ఆ పట్టీ పల్లెటూరి ఆసుపత్రి దాకా వెళ్ళాలంటే జీవరసాయనం ఒక్కటే చాలదు, యంత్రాలు తెలిసినవాళ్ళూ వైద్యులూ కలవాలి. అందుకని తిరుపతి శివార్లలో ఉన్న జాతీయ జీవశాస్త్ర సాంకేతిక సంస్థ వేర్వేరు విభాగాల నుంచి మనుషులను తెచ్చి ఆమెకు అప్పజెప్పింది.

మనుషులను ఒక గదిలో కూర్చోబెట్టడం సులువే. ఒకరి మాట ఇంకొకరి చెవికెక్కించడమే గగనమైంది.

జయచంద్ర వకుళ దగ్గరే పిహెచ్‌డి చేశాడు. సత్యవేడు రైతుబిడ్డ. పట్టీ మీద పూసే రసాయనం తయారీ అతని పని. ధర్మేంద్ర ఎలక్ట్రానిక్స్ ఇంజినీరు. పట్టీని చదివి ఫలితాన్ని తెర మీద చూపించే పెట్టె అతనిది. ఎండలు ముదిరేసరికి పరీక్షలు తప్పుతూ వచ్చాయి. పెట్టెది తప్పని ఒకరు, పట్టీది తప్పని ఒకరు.

"నీ పెట్టెకు ఏసీ గది కావాల, వడగట్టిన రక్తం కావాల. పల్లె ఆసుపత్రిలో యాడ దొరుకుతాయప్పా అవన్నీ?" అన్నాడు జయచంద్ర ఒక సమావేశంలో.

"నీ పట్టీ ఫ్రిజ్జు దాటి బయటికొస్తే పాడైపోతా ఉండాది. ముందు దాని సంగతి సూడు," అన్నాడు ధర్మేంద్ర.

వకుళ ఇద్దరికీ సర్దిచెప్పబోయింది. ఇంతలో అప్పటిదాకా ఊరకే కూర్చున్న డాక్టర్ కృపారాణి నోరు విప్పింది. ఆమెది కార్వేటినగరం దగ్గర ఒక చిన్న ఆసుపత్రి. బృందంలో ఉన్న ఒకే ఒక్క వైద్యురాలు.

"మీలో ఎవరైనా పాముకాటు మనిషిని కళ్ళారా చూసినారా?"

ఎవరూ చూడలేదు. వకుళ కూడా. ఆమె చూసిందల్లా విషాన్నే. చిన్న సీసాల్లో, ఎండి పసుప్పచ్చగా మారిన పొడిని.

"వాన పడి చెనక్కాయ విత్తినారంటే మాకు కేసులు మొదలు. అందరూ రండి. ఒక వారం ఆడనే ఉండండి. ఆ తర్వాత కొట్లాడుకుందురు గానీ," అంది కృపారాణి.

ఆ మాట పట్టుకుని వకుళ జులైలో బృందాన్నంతా వెంటబెట్టుకుని వెళ్ళింది.

వెళ్ళిన మరునాడే, పొద్దు వాలుతుండగా ఒక బైకు వచ్చి ఆసుపత్రి మెట్ల దగ్గర ఆగింది. నడిపేవాడికీ వెనక కూర్చున్న మనిషికీ మధ్య ఒక ఆడమనిషి ఒరిగిపోయి ఉంది. పేరు రాఘవమ్మ. వెనక నుంచి పట్టుకున్నది ఆమె భర్త ఏకాంబరం. ఆమె పిక్కకు తువ్వాలు బిగించి కట్టి ఉంది. దాని కింద పాదం నున్నగా వాచింది.

"పురుగు ముట్టింది మేడమ్మా. గట్టు మీద ఆవుకు గడ్డి కోస్తా ఉంటే," అన్నాడు ఏకాంబరం ఆయాసంతో.

"ఏ పామో చూసినారా?" పట్టీ ధ్యాసలోనే అడిగాడు జయచంద్ర.

"పొదలో నుంచి కరిసింది సామీ. యాడ అగుపడుతుంది?"

కృపారాణి ముందు చేతికి సెలైన్ పెట్టి, ఆ తర్వాతే నిదానంగా కట్టు వదులు చేసింది. కాస్త రక్తం తీసి కొత్త గాజు గొట్టంలో పోసి, మూలనున్న బల్ల మీద నిలబెట్టింది. "ఇరవై నిమిషాలు దీన్ని ఎవురూ కదిలించగూడదు. గడ్డ కట్టిందా, సరే. కట్టలేదంటే విషం నెత్తుర్లోకి దిగిపోయినట్టు. అప్పుడు విరుగుడు మందు ఎయ్యాల," అని చెప్పి రోగి దగ్గరికి వెళ్ళిపోయింది.

సందడిగా ఉన్న గది అది. స్ట్రెచర్లు పోతుంటాయి, జనం తోసుకుంటుంటారు. ఎవరి మోచెయ్యో తగిలి బల్ల అదిరింది. ధర్మేంద్ర ఎగిరి వెళ్ళి, గాలికి దీపం ఆరిపోకుండా అడ్డుపెట్టినట్టు గొట్టం చుట్టూ రెండు చేతులూ పెట్టి నిలబడ్డాడు. ఇక అక్కడినుంచి కదల్లేదు.

ఏకాంబరం గోడకు ఆనుకుని, ఎవరిని అడగాలో తెలియక వకుళను అడిగాడు. "మందు ఈడనే ఉండాదంట గదా తల్లీ. ఎయ్యకుండా ఊరికే చూస్తా ఉండారేమి?"

వకుళ తనకు తెలిసినదంతా చెప్పింది. ఆ మందు మంచిదే కానీ, కొందరికి అది పడదని, ఒళ్ళంతా దద్దుర్లు లేస్తాయని, ఊపిరి అందదని. విషం ఎక్కిందని తెలియకుండా వేస్తే కొని తెచ్చుకున్న ప్రమాదమవుతుందని.

ఏకాంబరం అంతా విన్నాడు. కళ్ళు తుడుచుకున్నాడు. "నువ్వు చెప్పేది సరేనమ్మా. ఆ గొట్టం అంతసేపు ఆగకుండా ఇంకొంచెం బిరీనా చెప్పదా?"

వకుళ గోడ గడియారం వైపు చూసింది.

సమయం కాగానే కృపారాణి గొట్టాన్ని మెల్లగా వంచింది. రక్తం నీళ్ళలా అంచుకు జారింది. ఆ క్షణం నుంచి ఎవరూ ఒక్కచోట నిలబడలేదు. మందు ఎక్కుతుండగానే రాఘవమ్మకు చలి పుట్టి ఒళ్ళు అదిరింది, పెదాలు ఉబ్బాయి. కృపారాణి ఆ సరికే సిద్ధంగా ఉంచుకున్న సూది వేసి, పక్కనే కూర్చుని, మందు ధార తగ్గించి మళ్ళీ పెంచింది. వణుకు తగ్గింది. రాఘవమ్మ కళ్ళు తెరిచి, "ఆవు పాలు పిండినారా?" అని అడిగింది. ఏకాంబరానికి ఏడుపూ నవ్వూ ఒక్కసారే వచ్చాయి.

గండం గట్టెక్కాక వరండాలో వకుళ అంది, "మా పట్టీ ఉండుంటే ఇది రక్తపింజరని ముందే తెలిసేది కదా డాక్టరుగారూ."

"తెలిస్తే?" అంది కృపారాణి. "నాగుపాముకూ అదే మందు, రక్తపింజరకూ అదే మందు. నా దగ్గర ఉండేది ఒకటే వకుళగారూ. ఏ పామని కాదు, మందు ఎయ్యాల్నా వద్దా అని నాకు తెలియాల. కట్లపాము కరిసినోళ్ళకు రెప్పలు వాలిపోతాయి, మొగం చూసి కనిపెడతా. ఈ నెత్తుటి సంగతికే, ఆ గొట్టం కాడ అంతసేపు కాపలా కాయాల్సి వస్తా ఉండాది."

"ఈ మాట మాకు ముందే చెప్పకూడదా?"

"చెప్పినాను. రెండు మీటింగుల్లో చెప్పినాను." ఆ గొంతులో నిష్ఠూరం లేదు. అలిసిపోయిన మనిషి ఉన్నమాట చెప్పినట్టు చెప్పింది. వకుళకు ఆ మాట విన్నట్టే గుర్తొచ్చింది. విని, తల ఊపి, తర్వాతి విషయానికి వెళ్ళిపోయింది తను.

తెల్లారి టీ కొట్టు బెంచీ మీద ధర్మేంద్ర ఉన్నట్టుండి అన్నాడు, "మేడం, నిన్న అంతసేపూ ఆ గొట్టాన్నే చూస్తా ఉండినాను. గడ్డ కట్టేదాన్ని కనుక్కునేదానికి వంచనక్కర్లేదు. చుక్క రక్తం గుండా వెలుతురు పంపిస్తే చాలు. గడ్డ కట్టే కొద్దీ వెలుతురు మారతాది. వడగట్టే పనే లేదు."

జయచంద్ర గ్లాసు కింద పెట్టాడు. "రక్తాన్ని బిరీనా గడ్డ కట్టించే పొడులు ఉండాయి. గాజుపలక మీద పూసి ఆరబెడితే ఎండకు కూడా చెడవు. నీ వెలుతురు కింద పెడితే..."

"అయిదారు నిమిషాల్లో..."

"మంచి నెత్తురైతే గడ్డ కడతాది, విషం ఎక్కిందైతే కట్టదు!"

ఒకరి మాటను ఇంకొకరు పూర్తిచేస్తున్నారు. అంతలో ఇద్దరూ ఒక్కసారే ఆగిపోయి వకుళ ముఖంలోకి చూశారు. ఈ దారిన పోతే పట్టీ అక్కర్లేదు.

"పట్టీ మీ పదేళ్ళ పని గదా మేడం," అన్నాడు జయచంద్ర మెల్లగా.

ఆ పట్టీ కోసం ఎన్ని పండుగలు మరిచిపోయిందో వకుళకే తెలుసు. కానీ గోడకు ఆనుకున్న ఏకాంబరం అడిగిన ప్రశ్న ఇంకా చెవిలోనే ఉంది. "పట్టీ పక్కన పెడదాం. ఇదే చేద్దాం. ఇద్దరూ కలిసి చెయ్యండి, డాక్టరుగారు ఏది కావాలంటే అది," అంది. మళ్ళీ టీ తెప్పించుకుంది.

పని మొదలుపెట్టాలంటే పాముకాటు మనుషుల రక్తం కావాలి. అనుమతులున్నాయి. కానీ అడగాల్సింది మంచం మీదున్న మనిషిని. రాఘవమ్మ లేచి కూర్చుని జావ తాగేదాకా ఆగి, వకుళ ఆమె పక్కన స్టూలు వేసుకుంది. డాక్టరు ఎటూ ఇంకా రెండు మూడు తూర్లు రక్తం తీసి చూస్తారు, తీసినప్పుడు ఒక చుక్క తమకు ఇవ్వగలదా అని అడిగింది. "దీనివల్ల నీకు మేలేమీ లేదమ్మా. ఇయ్యనంటే వైద్యంలో ఏ తేడా రాదు. నీ ఇష్టం," అని కూడా చెప్పింది.

రాఘవమ్మ ఆలోచించింది. "అది వస్తే, రేపు ఇంకొకామె మొగుడు మా ఆయన మాదిరి గోడకాడ నిలబడి అంతసేపు ఏడవాల్సిన పని ఉండదా?"

"ఆ ప్రయత్నమే మాది."

"నేను యాడ ఏడ్చినానే?" అన్నాడు ఏకాంబరం.

"నువ్వు ఊరుకో. తీసుకో మేడమ్మా. చుక్కేంది, రెండు తీసుకో. ఈడ నాకు కొత్త నెత్తురు ఊరతా ఉండాది గదా."

వకుళ ఆ మనిషి చెయ్యిని తన రెండు చేతుల్లోకి తీసుకుంది.

తిరుపతికి తిరిగొచ్చాక సమీక్ష సంఘం ముందు నిలబడాల్సి వచ్చింది. "పదేళ్ళ పనిని వదిలేస్తారా?" అని ఒక పెద్దాయన అడిగాడు. "వదలడం లేదు సార్. ఒక్కో పాముకు ఒక్కో మందు వచ్చిన రోజున ఆ పట్టీ పనికొస్తుంది. ఇవాళ ఆసుపత్రికి కావలసింది వేరే," అంది వకుళ. వాళ్ళు ఒప్పుకున్నారు.

పొడి కుదరడానికే నెలలు పట్టింది. మొదటి పెట్టె వేడికి పిచ్చి లెక్కలు చూపింది, రెండోది నయం. మూడోది టిఫిన్ క్యారియర్ కంటే చిన్నది, తలుపులు తీసిపెట్టిన గదిలోనూ పనిచేసింది. మరుసటి వానాకాలం దాన్ని చుట్టుపక్కల ఆసుపత్రుల్లో గాజు గొట్టం పక్కనే పెట్టి చూశారు. వైద్యం మాత్రం గొట్టం చెప్పినట్టే. ఒకటి రెండు చోట్ల పెట్టె తప్పింది. జయచంద్రా ధర్మేంద్రా ఒకే బండిలో వెళ్ళి ఎందుకు తప్పిందో కనుక్కుని వచ్చారు. మిగతా అన్నిచోట్లా గొట్టం చెప్పబోయే మాటను పెట్టె చాలా ముందే చెప్పింది. దాని మాట మీద, డాక్టర్ల కాపలాలో, వైద్యం చేసి చూడడానికి అనుమతి వచ్చింది.

సంస్థలో సభ పెట్టారు. వకుళకు శాలువా కప్పారు. ఆమె కృపారాణిని వేదిక మీదికి పిలిచి, "మేం వినకపోయినా చెప్పడం మానని మనిషి" అని ఆ శాలువా ఆమెకు కప్పింది. కృపారాణి సిగ్గుపడి, "ఇది మరీ బాగలేదు," అంటూనే భుజం మీద సర్దుకుంది.

ఆ వారాంతంలోనే వకుళ ఇద్దరు కుర్రాళ్ళనూ తీసుకుని కార్వేటినగరం వైపు వెళ్ళింది. రాఘవమ్మ చేనులో చెనక్కాయ పెరుకుతోంది. కాళ్ళకు మోకాళ్ళ దాకా రబ్బరు బూట్లు. వీళ్ళను చూసి చేతి మట్టి దులుపుకుంటూ గట్టు మీదికొచ్చింది.

వకుళ దారిపొడుగునా మాటలు కూర్చుకుంది. తీరా ఎదురుపడ్డాక అవన్నీ వదిలేసింది. "అనుమతి వచ్చింది రాఘవమ్మా. మొదట నెత్తురు ఇచ్చింది నువ్వు. నీకు దండం పెట్టుకుని పోదామని వచ్చినాను," అంది చేతులు జోడించి.

రాఘవమ్మ ఆ చేతులను గభాలున పట్టుకుని కిందికి దించేసింది. "నువ్వు నాకు పెట్టేదేంది తల్లీ! ఈ చేన్లో ఈ పొద్దు నిలబడుకోనుండానంటే ఎవురివల్ల?"

"నేనేం చెయ్యలేదు, ఆ రోజు చేసింది డాక్టరుగారు."

"ఆయమ్మకు పెట్టేది ఆయమ్మకు పెట్టినాలే. మీరు ముగ్గురూ ఆ పొద్దు ఆడినుంచి కదల్లేదు గదా, అది నేను చూడలేదనుకున్నావా?"

జయచంద్ర తల తిప్పుకున్నాడు. ధర్మేంద్ర బూటుతో మట్టిపెళ్ళను నలిపాడు. అవతలి సాళ్ళలో పనిచేస్తున్న ఆడవాళ్ళు ఎవరొచ్చారా అని నడుములెత్తి చూస్తున్నారు. రాఘవమ్మ వాళ్ళకు వినబడేలా గొంతెత్తింది.

"మే! నా నెత్తురు తీసకపోయి చదువుకునిందని చెప్తా ఉంటానే, ఆ మేడమ్మ ఈమే!"

చేనంతా నవ్వింది. వకుళ అందరికంటే ఎక్కువ నవ్వింది. ఎన్ని సభల్లో ఎంతమంది ఎన్ని బిరుదులతో పరిచయం చేశారో, ఏదీ ఇంత సరిగ్గా అతకలేదనిపించింది. ఏకాంబరం అప్పుడే ఇంటినుంచి సంగటి గంప నెత్తిన పెట్టుకుని వస్తున్నాడు. దూరం నుంచే వీళ్ళను గుర్తుపట్టి అడుగులు వేగంగా వేశాడు. గట్టు మీద అందరికీ చోటు చేసి, సంగటి ముద్దల మీద ఊరుబిండి పచ్చడి వేసి పెడుతుంటే, వకుళ రెండు చేతులూ చాచి అందుకుంది.