గీత వెంబడి తుడిచిన గాజు

గాజు పలకలు శుభ్రం చేయడమంటే అంట్లు తోమడం కాదని పెద్దమ్మ వాదన. ప్రయోగశాలలో ఇరవై రెండేళ్ళుగా ఆవిడ పని అదే మరి. అందరికీ ఆవిడ పెద్దమ్మే. అసలు పేరు హాజరు పట్టీలో తప్ప ఎక్కడా వినపడదు.

అక్కడి పరిశోధకుల్లో ఒక అమ్మాయంటే ఆవిడకి ప్రాణం. ఆ అమ్మాయి ఐదేళ్ళుగా ఒకే పని పట్టుకుని వేలాడుతోంది. ఫోను తెరల్లో లిక్విడ్ క్రిస్టల్ ఉంటుందే, అందులోని అణువులన్నీ ఒకే వైపుకి తిరిగి నిలబడితేనే తెర పనికొచ్చేది. అందుకని ఫ్యాక్టరీల్లో గాజు మీది పూతని గుడ్డతో రుద్దుతారు. ఆ రుద్దుడు అక్కర్లేదు, పూత మీద కంటికానని గీతలు చెక్కితే చాలు, అణువులు వాటి వెంబడే బారులు తీరతాయని అమ్మాయి వాదం. లిక్విడ్ క్రిస్టల్ నింపి మైక్రోస్కోపు కింద పెడితే ఆమె పలకలు మచ్చ లేకుండా నల్లగా కనిపించేవి. అంటే అణువులు బుద్ధిగా నిలబడ్డట్టే. ఇక పరీక్షకులు వచ్చి సరే అంటే డాక్టరేటు చేతికొచ్చినట్టే.

అంతలో పెద్దమ్మ జారిపడి మణికట్టు విరగ్గొట్టుకుంది. ఆవిడ ఇంట్లో ఉన్న నెలన్నరలో ఒక్క పలకా కుదరలేదు. చెమ్మెక్కిన గోడలా అన్నీ మచ్చలే. అమ్మాయి గీతలు మళ్ళీ చెక్కింది, పూత మార్చింది, తిండి మానేసింది. పెద్దమ్మ తిరిగొచ్చిన రోజే పలక నల్లగా నిగనిగలాడింది.

“చూశావుటే, నా హస్తవాసి అలాంటిది!” అని పెద్దమ్మ మురిసిపోయింది.

అమ్మాయి నవ్వలేదు. “పూత మీద గీతలు చెక్కి ఇచ్చాక పలకని ఏం చేస్తున్నావు పెద్దమ్మా?”

“ఏం చేస్తాను? తుడుస్తాను.”

“తుడవడమా! నీళ్ళలో ముంచి గాలికి ఆరబెట్టమన్నానుగా!”

“ఒట్టి గాలికి మరకలు పోతాయిటే పిచ్చిదానా? మఖమల్ గుడ్డతో మెల్లగా తుడుస్తాను. నువ్వు మూలన బాణం గుర్తు వేస్తావుగా, గీతలు అటే ఉంటాయని దాని వెంబడే తుడిచాను. అడ్డంగా తుడిస్తే నీ కష్టం చెడిపోదూ? ఒక్కనాడూ గీత దాటలేదు, నీ మీదొట్టు.”

అమ్మాయి పూత మీద గీతలేమీ చెక్కకుండా బాణం గుర్తు మాత్రం వేసిన పలక ఒకటి తెచ్చి తుడవమంది. పెద్దమ్మ తుడిచింది. మైక్రోస్కోపు కింద అదీ మచ్చ లేకుండా నల్లగానే ఉంది. అమ్మాయి స్టూలు మీద కూలబడిపోయింది. ఐదేళ్ళుగా అణువుల్ని వరసలో నిలబెట్టింది తన గీతలు కావు, ఆ గుడ్డ. ఎంత ఘోరం! పని దొంగ ఎవరైనా అయితే అడ్డదిడ్డంగా తుడిచి మొదటి వారంలోనే గుట్టు బయటపెట్టేసేది. ఈవిడ శ్రద్ధే కొంప ముంచింది.

“మా గైడు సారుకి చెప్పేస్తాను” అని వెళ్ళిన అమ్మాయి గంట తర్వాత ఉబ్బిన కళ్ళతో వచ్చింది. “‘ఎల్లుండి పరీక్షకులు వస్తుంటే ఇప్పుడా ఈ మాట?’ అన్నారు సారు” అంటూ పన్నెండు పలకలు పెద్దమ్మ ముందు పెట్టింది. “ఎప్పటిలాగే తుడువు.”

అది మోసమని పెద్దమ్మకి తెలుసు. కానీ పిల్ల కష్టం బూడిదలో పోసిన పన్నీరైపోతుంటే చూడలేకపోయింది. మణికట్టు సలుపుతున్నా పన్నెండూ తుడిచింది.

పరీక్షకులు ఆహా ఓహో అన్నారు. అమ్మాయికి డాక్టరేటు వచ్చింది, అక్కడే ఉద్యోగమూ వచ్చింది. అందరూ చప్పట్లు కొడుతుంటే పెద్దమ్మ గోడకి ఆనుకుని ఏడ్చింది. అది సంతోషమో పాపభీతో ఆవిడకే తెలియలేదు.

మూడు వారాలకి బదిలీ కాగితం వచ్చింది. ఇకనుంచి గోదాములో పనట. పెద్దమ్మ అది పట్టుకుని రొప్పుతూ అమ్మాయి దగ్గరికి వెళ్ళింది.

“నువ్వొక్క మాట చెబితే ఆగిపోతుందే తల్లీ.”

అమ్మాయి తలెత్తలేదు. “నేనే రాయించాను పెద్దమ్మా.”

“నువ్వా? ఎందుకమ్మా?”

“నువ్వు ఎదురుగా ఉంటే నాకు ఊపిరాడ్డం లేదు.”

చచ్చినా ఎవరికీ చెప్పనని ఒట్టు వేయబోయి ఆగింది పెద్దమ్మ. ఆ పిల్ల భయం ఎవరికో తెలిసిపోతుందని కాదని, తన మొహం చూసినప్పుడల్లా ఆ పన్నెండు పలకలే గుర్తొస్తున్నాయని అప్పటికి అర్థమైంది. కాగితం నాలుగు మడతలు పెట్టుకుని గోదాముకి వెళ్ళిపోయింది.