నా చెయ్యి పడితే

"ఏసీలో గ్యాస్ అయిపోయుంటదిలే అక్కా, పన్నెండేళ్ల బండి గదా," అంటూ హెన్రీ బానెట్ ఎత్తి గొట్టాలు తగిలించాడు.

సాయంత్రం మా మరిది వెంకటేష్ వచ్చి కారు తీసుకెళ్తాడు. మా ఆయన పోయి ఏడాదైంది, నా చేతికి అచ్చిరాని బండి ఇక నాకెందుకులే అని నేనే ఒప్పుకున్నాను. చెడగొట్టి ఇచ్చిందన్న మాట పడకూడదని మాత్రం వాకాడులో ఈ మెకానిక్ షెడ్డుకి తెచ్చాను.

ఆరేళ్లుగా చిట్టమూరు ఆసుపత్రికి, నర్సు డ్యూటీకి, ఈ కారులోనే వెళ్తున్నాను. నేను ఏసీ వేస్తే వేడిగాలి. అదే కారు ఆదివారం ఆయన నడిపితే మంచు. "చూసినావా కామాక్షీ, బండికి కూడా తెలస్తాది ఎవురి చెయ్యో," అని నవ్వేవాడు. వెనక సీట్లోంచి అత్త అందుకునేది: "దాని చెయ్యి అంతే నాయనా. పెరుగు కూడా తోడుకోదు." మొదట్లో నేనూ నవ్వాను. పోనుపోను నా చేతుల్ని నేనే అనుమానించసాగాను. సూది వేసేముందు మందు పేరు మూడుసార్లు చదివేదాన్ని. కాన్పు గదిలో పసిబిడ్డను పక్క నర్సుకు అందించేసేదాన్ని. ఆయన పోయాక కూడా, స్టీరింగ్ పట్టుకుంటే చాలు, పక్క సీట్లో ఆ నవ్వు. మే నెల ఎండలో, ఒళ్లంతా చెమటతో, వెన్ను మాత్రం చల్లబడేది.

హెన్రీ ఏసీ గొట్టాల్లోని గాలంతా లాగేసి, లీకు లేదని చూసుకుని, గ్యాస్ నింపాడు. "ఇప్పుడు ఎయ్యక్కా."

వేశాను. వేడిగాలే.

"నువ్వెయ్యి హెన్రీ. నా చేతికి రాదు."

అతను నవ్వి, ఏసీ కంప్రెసర్‌కి కరెంటు ఇచ్చే వైరు పట్టుకుని వెతుక్కుంటూ వచ్చాడు. అది డ్రైవర్ సీటు కిందికి పోయింది. చెయ్యి దూర్చాడు. అక్కడేదో టిక్కుమంది. నా మొహానికి చల్లగాలి కొట్టింది.

"దీన్ని మర్చేపోయినా. ఏసీ రాకుండా ఆపే ఈ స్విచ్ నేనే పెట్టినా అక్కా. ఇంట్లో పిల్లలు ఏసీ ఏసి పెట్రోలు తగలేస్తా ఉండారు, వాళ్లకి తెలీకుండా పెట్టమన్నాడు సారు. మీకు చెప్పలేదా?"

"మాకు పిల్లల్లేరు హెన్రీ."

అతను స్పానర్ తుడిచిందే తుడుస్తూ ఉండిపోయాడు. "తీసేసేదా అక్కా?"

"తీసెయ్."

అప్పుడే ఫోన్. వెంకటేష్. "వదినా, బస్సు గూడూరు దాటింది. ఏసీకి డబ్బులు తగలెయ్యబాక. అది రిపేరు పని కాదులే, దాని సంగతి అన్న నాకు ఎప్పుడో చెప్పుండాడు."

"దారిలో కోట ఊళ్లో దిగెయ్ వెంకటేష్," అన్నాను. "వెనక్కి బస్సులుంటాయి."